డీఓ ప్రోబ్ మధ్యాహ్నం పడిపోతోంది, ఆప్టికల్ కొనాలా?

నమస్తే అండీ. మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. నాకు అర్థమైంది ముందు రాస్తాను, ఎక్కడైనా పొరపాటు ఉంటే దిద్దండి. గుంటూరు పక్కన ఒక పాల డెయిరీలో ఈటీపీ (మురుగునీటి శుద్ధి ప్లాంటు) చూస్తున్నారు. రోజుకు 200 కిలోలీటర్ల మురుగునీరు, గాలి కొట్టి బ్యాక్టీరియాతో మురుగును అరిగించే ఏరేషన్ ట్యాంకు 150 ఘనమీటర్లు. అందులో డీఓ, అంటే నీళ్లలో కరిగిన ఆక్సిజన్, కొలిచే గాల్వానిక్ రకం ప్రోబ్ ఒకటి వేలాడుతోంది. దాని రీడింగును బట్టి, గాలి కొట్టే బ్లోయర్ వేగాన్ని డ్రైవ్ పెంచుతూ తగ్గిస్తూ ఉంటుంది. పొద్దున ఆరింటికి 2.2 పీపీఎం (లీటరుకు మిల్లీగ్రాములు) చూపించే ప్రోబ్ పదకొండు దాటాక 0.4కి పడిపోతోంది. అదే సమయంలో బకెట్‌తో నీళ్లు తోడి హ్యాండ్ మీటరుతో చూస్తే 1.9 వస్తోంది. సాయంత్రం ప్రోబ్ పైకి లాగి తుడిస్తే 1.5కి లేస్తోంది. మధ్యాహ్నమంతా బ్లోయర్ 50 హెర్ట్జ్‌లోనే తిరుగుతోంది, కరెంటు బిల్లు పట్టుకుని మేనేజరు గారు మిమ్మల్ని అడుగుతున్నారు. సర్వీసుకు వచ్చిన కుర్రాడేమో ఇది పాత టెక్నాలజీ, కాంతితో కొలిచే ఆప్టికల్ ప్రోబ్ పెట్టుకోండి అని కొటేషన్ ఇచ్చి వెళ్లాడు. కొనాలా వద్దా అన్నది మీ ప్రశ్న.

ఇప్పుడే కొనకండి. రెండు రోజులు ఆగి, కింద చెప్పిన పరీక్షలు చేశాక నిర్ణయించుకోండి. విజయవాడ ఆటోనగర్‌లో ఇరవై ఏడేళ్లుగా ఈ మీటర్లు విప్పి బిగించడమే నా పని. నా బల్ల మీదకు 'చెడిపోయింది' అని వచ్చిన డీఓ ప్రోబుల్లో సగానికి పైగా చెడిపోనివే. మురికి పట్టినవి, తప్పుచోట వేలాడదీసినవి, లేదా నిజం చెప్పినందుకు తిట్లు తిన్నవి.

ముందు ఒక్క విషయం మనసులో పెట్టుకుంటే మిగతాదంతా దానంతటదే అర్థమవుతుంది. ఈ ఎలక్ట్రోకెమికల్ ప్రోబ్ ఆక్సిజన్‌ను తింటుంది. ఎంత తినగలిగిందో ఆ లెక్కనే మనకు రీడింగుగా చూపిస్తుంది. ప్రోబ్ మూతి దగ్గర సన్నటి టెఫ్లాన్ పొర ఉంటుంది. దాని వెనక కాస్త ఎలక్ట్రోలైట్ (కరెంటు పారనిచ్చే ద్రవం), అందులో రెండు లోహాలు: కేథోడ్‌గా వెండి లాంటి ఖరీదైన లోహం, ఆనోడ్‌గా జింకో సీసమో. నీళ్లలో కరిగిన ఆక్సిజన్ పొరలోంచి లోపలికి చొరబడి, కేథోడ్ దగ్గర ఒక్కో అణువుకు నాలుగు ఎలక్ట్రాన్లు తీసుకుని హైడ్రాక్సైడ్‌గా మారిపోతుంది. ఆ ఎలక్ట్రాన్లు ఇచ్చేందుకు ఆనోడ్ కొంచెం కొంచెంగా అరిగిపోతుంది. మధ్యలో పారే కరెంటే మీ రీడింగు. ఒకరకంగా ఇది గాలి అందినంత మేరకే పనిచేసే బ్యాటరీ సెల్. అందుకే దీనికి బయటి నుంచి వోల్టేజీ అక్కర్లేదు, స్విచ్ వేయగానే చూపిస్తుంది.

పోలరోగ్రాఫిక్ రకానికి మాత్రం బయటి నుంచి సుమారు 0.7, 0.8 వోల్టులు ఇవ్వాలి, స్విచ్ వేశాక స్థిరపడేందుకు కాస్త టైమూ ఇవ్వాలి. రెండు ఎలక్ట్రోడ్లనూ ఒకే పొర వెనక దాచే ఆలోచన అమెరికాలో లేలాండ్ క్లార్క్‌ది. 1956లో ఆయన ప్రచురించింది రక్తంలో ఆక్సిజన్ కొలవడం కోసం. అది తిరిగి తిరిగి ఇవాళ మీ పాల డెయిరీ బురదలో మునిగి ఉంది, పాపం.

తినే మీటరు కాబట్టి దానికి ఎప్పటికప్పుడు వడ్డన కావాలి. నీళ్లు కదలకుండా ఉంటే పొరకు ఆనుకుని ఉన్న ఆక్సిజన్‌ను తినేసి, ఆ తర్వాత ఆకలితో కూర్చుంటుంది, రీడింగు నెమ్మదిగా కిందకు జారుతుంది. ఇది నాకు తెలిసొచ్చింది బందరు కాలువ వంతెన మీద. అప్పటికి పనిలో చేరి ఏడాది కూడా కాలేదు. వేసవి, కాలువలు కట్టేసిన రోజులు, నీళ్లు నిలవున్నాయి. తాడుకు ప్రోబ్ కట్టి దించి 1.1 అని నోట్‌బుక్‌లో రాసేశాను. మా పెద్దాయన వచ్చి ఏమీ అనకుండా తాడు పట్టుకుని బావిలో చేద ఆడించినట్టు పైకీ కిందకీ ఆడించారు. రీడింగు మూడు దాటింది. నీళ్లు మారలేదు, ప్రోబ్ మారలేదు. ఈ రకం ప్రోబ్ పొర ముందు నీళ్లు సెకనుకు దాదాపు 30 సెంటీమీటర్ల వేగంతో కదలాలి అని లెక్క. మీ ట్యాంకులో ప్రోబ్ ఏ మూలన ఉందో మీరు రాయలేదు. డిఫ్యూజర్ల (ట్యాంకు అడుగున గాలి వదిలేవి) బుడగలు చేరని మూల అయితే, మెట్ల దగ్గర దించడం తేలిక అని అక్కడ బిగించి ఉంటే, మీ సమస్యలో కొంత వాటా అక్కడే ఉంది.

ఇక బకెట్ సంగతి. ఫిక్స్‌డ్ ప్రోబ్ 0.4, హ్యాండ్ మీటరు 1.9, కాబట్టి ఫిక్స్‌డ్ ప్రోబే తప్పు అని మీరు అనుకున్నారు. నేను అలా అనుకోను. బకెట్‌ను ట్యాంకులోకి విసిరి పైకి లాగినప్పుడు నీళ్లు గాలితో కలిసి తెల్లగా నురగలు కక్కుతాయి కదా, అక్కడే ఆక్సిజన్ కరిగిపోతుంది. పై నీళ్లే వస్తాయి కాబట్టి అవి కింది నీళ్లకంటే వేరుగా కూడా ఉండొచ్చు. ఇంకో వైపు, ఆ నీళ్లలో బ్యాక్టీరియా తినడం ఆపదు. గంటకు లీటరుకు 60 మిల్లీగ్రాముల ఆక్సిజన్ తినే బురద (బ్యాక్టీరియా గుంపు) అయితే నిమిషానికి ఒక పీపీఎం ఖాళీ. మీరు బకెట్ పట్టుకుని ల్యాబ్‌కు నడిచి, మీటరు తీసి, వైరు విప్పేలోగా ఆ అంకె ఎటైనా పోవచ్చు. కాబట్టి బకెట్ రీడింగును సాక్ష్యంగా తీసుకోవద్దు. హ్యాండ్ మీటరు ప్రోబ్‌నే పొడుగాటి పీవీసీ పైపుకు టేపుతో కట్టి, ఫిక్స్‌డ్ ప్రోబ్ పక్కనే, అదే లోతులో ముంచి, కదిలిస్తూ చూడండి. రెండూ అప్పుడు కూడా వేరుగా ఉంటే మాట్లాడుకుందాం.

ఇది చేసేటప్పుడు ఒక్క జాగ్రత్త. రెయిలింగ్ దాటి వంగకండి, ఒంటరిగా వెళ్లకండి. బుడగలు నిండిన నీళ్లు మనిషిని తేల్చవు, ఈత వచ్చినవాళ్లు కూడా మునిగిపోతారు.

ఇప్పుడు అసలు అనుమానానికి వద్దాం. పదకొండు గంటలకు ఏం జరుగుతోంది? డెయిరీల్లో పొద్దున్నే పాలు దిగుతాయి, ఆ తర్వాత ట్యాంకర్లు, పైపులు, పాశ్చరైజర్ కడుగుతారు. వేడినీళ్లు, కాస్టిక్, అడుగున మిగిలిన పాలు అన్నీ ఒకేసారి మీ దగ్గరకు వస్తాయి. పాల బీఓడీ (బ్యాక్టీరియా అరిగించడానికి కావాల్సిన ఆక్సిజన్) లీటరుకు దాదాపు లక్ష మిల్లీగ్రాములు, అంటే ఒక లీటరు పాలు డ్రైనేజీలోకి పోతే వాటిని అరిగించేందుకు సుమారు 100 గ్రాముల ఆక్సిజన్ కావాలి. మీ 150 ఘనమీటర్ల ట్యాంకులో 2 పీపీఎం ఉన్నప్పుడు మొత్తం నిల్వ ఎంతో తెలుసా? 300 గ్రాములు. మూడు లీటర్ల పాలకు సరిపోయే నిల్వ. వంద లీటర్లు కడుగులో వచ్చాయనుకోండి, పది కిలోల ఆక్సిజన్ అప్పు. నిల్వ అనేది నామమాత్రం, బ్లోయర్ ఎప్పటికప్పుడు పోసేదే అంతా. అందుకే డెయిరీ ట్యాంకులో డీఓ పదిహేను నిమిషాల్లో నేలకు దిగడం వింతేమీ కాదు. చెరువు రైతులకు తెల్లవారుజామున నాలుగింటికి డీఓ పడిపోతుందని టెన్షన్, ఎందుకంటే రాత్రంతా నాచు కూడా ఆక్సిజన్ తింటుంది. మీ ట్యాంకుకు ఆ గండం వాషింగ్ టైములో వస్తుంది.

దీనికి తోడు ఎండాకాలం. నీళ్లు వేడెక్కే కొద్దీ ఆక్సిజన్ తక్కువ కరుగుతుంది. 25 డిగ్రీల దగ్గర లీటరు మంచినీళ్లలో 8.26 మిల్లీగ్రాములు పట్టేది, 30 దగ్గర 7.56, 35 దగ్గర 6.95 మాత్రమే పడుతుంది. మరోపక్క బ్యాక్టీరియాకు వేడిలో ఆకలి ఎక్కువ. ఇచ్చేది తగ్గి, తినేది పెరిగితే ఏమవుతుందో చెప్పక్కర్లేదు.

అంటే మీ 0.4 నిజమే అయ్యే అవకాశం బాగానే ఉంది. కానీ సాయంత్రం తుడిస్తే 1.5కి లేచిందన్నారు, అది కూడా కొట్టిపారేయలేను. కడుగు నీళ్లతో పాటు వచ్చే వెన్న, నెయ్యి జిడ్డు పొర మీద పూతలా పడుతుంది. ఆ జిడ్డులోనే బ్యాక్టీరియా గూడు కట్టి, పొర దాకా వచ్చే ఆక్సిజన్‌ను దారిలోనే తినేస్తుంది. ప్రోబ్ దగ్గరకు చేరేది ఎంగిలే. అయితే సాయంత్రానికి లోడు కూడా తగ్గి ఉంటుంది కదా, కాబట్టి తుడవడం వల్ల లేచిందా, లోడు తగ్గి లేచిందా తెలియదు. దీన్ని తేల్చడానికి పైసా ఖర్చు లేని పరీక్ష ఉంది. రేపు సాయంత్రం తుడవకండి, మధ్యాహ్నం పన్నెండింటికి, రీడింగు నేలమీద ఉన్నప్పుడు, తుడవండి. రెండు నిమిషాల్లో తిరిగి ముంచి ఐదు నిమిషాలు ఆగండి. 0.4 నుంచి 1.5కి లేస్తే జిడ్డు. 0.4 నుంచి 0.5కి లేస్తే నీళ్లలో నిజంగానే లేదు.

ఇంకో మాట, ఇది చాలామంది మరిచిపోతారు. మీ బ్లోయర్ ప్రోబ్ మాట విని నడుస్తోంది. కాబట్టి రీడింగు ఒక్కటే రాసిపెట్టుకుంటే లాభం లేదు. ప్రోబ్ మురికిగా ఉండి సగమే చూపిస్తున్నా, డ్రైవ్ వేగం పెంచి ఆ సగాన్ని 2కి తెచ్చేస్తుంది. తెర మీద 2 చూసి మీరు నిశ్చింతగా ఉంటారు, ట్యాంకులో 4 ఉంటుంది, కరెంటు మండుతుంది. పొద్దున 2.2 అన్నప్పుడు డ్రైవ్ ఎన్ని హెర్ట్జ్‌లో ఉంది? పది రోజుల కిందటి పొద్దునతో పోలిస్తే పెరుగుతూ వస్తోందా? రీడింగు పక్కన హెర్ట్జ్ కూడా రాసే అలవాటు చేసుకోండి. నా అనుభవంలో ప్రోబ్ మురికి పట్టడం మొదట కనబడేది అక్కడే.

ఇక ప్రోబ్ బాగుందో లేదో చూసే పరీక్షలు రెండే రెండు. ఒకటి గాలిలో, రెండోది సల్ఫైట్ నీళ్లలో. వీటికంటే ముందు ఉష్ణోగ్రత చూడండి. ట్రాన్స్‌మిటర్ తెర మీద చూపే డిగ్రీలను మామూలు థర్మామీటరుతో పోల్చండి. పొరలోంచి ఆక్సిజన్ దూరే వేగం ఒక్కో డిగ్రీకి మూడు నాలుగు శాతం మారుతుంది, దాన్ని సరిచేసేది ప్రోబ్ లోపలి థర్మిస్టర్. అది చెడి పది డిగ్రీలు తేడా చూపిస్తే డీఓ ముప్పై నలభై శాతం తప్పు. ఒకసారి తెనాలి వైపు నుంచి వచ్చిన ప్రోబ్‌కు పొర మార్చి, ఎలక్ట్రోలైట్ మార్చి, రెండు రోజులు కుస్తీ పడ్డాను. ఆఖరికి చూస్తే తెర మీద 47 డిగ్రీలు, నీళ్లు చల్లగా ఉన్నాయి. సిగ్గుపడ్డాను.

గాలి పరీక్ష. ప్రోబ్ తీసి, గోరువెచ్చని నీళ్లలో ఒక చుక్క గిన్నెలు తోమే లిక్విడ్ వేసి, మెత్తటి గుడ్డతో జిడ్డు వదిలించండి. బ్రష్ వద్దు, గోరు వద్దు, మరిగే నీళ్లు అసలే వద్దు. కడిగి, పొర మీద నీటి చుక్క నిలవకుండా అద్ది, ట్యాంకు నీళ్లకు జానెడు పైన నీడలో వేలాడదీయండి. పదిహేను నిమిషాలు ఆగాక, అక్కడి ఉష్ణోగ్రతకు ఉండాల్సిన అంకె రావాలి. 28 డిగ్రీలకు 7.83, 30కి 7.56, 32కి 7.31, 35కి 6.95. ఈ నాలుగు అంకెలు కాగితం మీద రాసి ప్యానెల్ తలుపు లోపల అంటించుకోండి. విజయవాడ, గుంటూరు సముద్రమట్టానికి పెద్ద ఎత్తులో లేవు కాబట్టి గాలి పీడనం సవరణ మీరు పట్టించుకోనక్కర్లేదు.

నీడ అని ఊరికే అనలేదు. రోహిణి కార్తెలో మిట్టమధ్యాహ్నం స్టీలు బాడీ ప్రోబ్‌ను ఎండలో పెట్టి క్యాలిబ్రేషన్ (మీటరును సరైన అంకెకు సరిచేయడం) చేస్తే పొర దగ్గర ఒక వేడి, థర్మిస్టర్ దగ్గర ఒక వేడి. రెండూ ఒకటి అయ్యేదాకా ఏ అంకెనూ నమ్మలేం. పొద్దున ఏడింటికే ఆ పని ముగించండి. నీటి ఆవిరి సంగతి కూడా ఉంది: 35 డిగ్రీల దగ్గర పూర్తి తేమ గాలికీ పూర్తి పొడి గాలికీ మధ్య ఐదున్నర శాతం దాకా తేడా వస్తుంది. నీళ్లకు దగ్గరగా వేలాడదీయమనడం అందుకే. అయినా 2 పీపీఎం దగ్గర ఐదు శాతం అంటే 0.1. దాని గురించి నిద్ర పాడుచేసుకోవద్దు.

ఇక్కడ ఒక చెడ్డ అలవాటు గురించి గట్టిగా చెప్పాలి. పది రోజులకోసారి క్యాలిబ్రేషన్ చేస్తున్నాం అని గర్వంగా రాశారు. ఏం చేసి చేస్తున్నారు? మురికి మీదే బటన్ నొక్కేస్తే, మురికి వల్ల తగ్గిన కరెంటును మీటరు 'ఇదే వంద శాతం' అని గుర్తుపెట్టుకుంటుంది. తర్వాత వానకో, కడుగుకో ఆ జిడ్డు వదిలితే రీడింగు ఆకాశానికి పోతుంది, బ్లోయర్ నెమ్మదిస్తుంది, ట్యాంకు కుళ్లు వాసన కొడుతుంది. ముందు తుడవాలి, తర్వాత గాలిలో చూడాలి, ఉండాల్సిన దానికి పది శాతం లోపు ఉంటే క్యాలిబ్రేషన్ ముట్టుకోకూడదు. తుడవక ముందు ఎంత, తుడిచాక ఎంత, రెండూ నోట్‌బుక్‌లో పడాలి. ఆ రెండు కాలమ్స్ మూడు వారాలు నింపితే ఎన్ని రోజులకోసారి తుడవాలో మీ ప్లాంటే చెబుతుంది. డెయిరీకి వారానికి రెండుసార్లు పట్టొచ్చు, కడుగు ఎక్కువున్న చోట రోజూ.

సున్నా పరీక్ష. 100 మిల్లీలీటర్ల నీళ్లలో 5 గ్రాముల సోడియం సల్ఫైట్ కలిపితే అది నీళ్లలోని ఆక్సిజన్‌ను మింగేస్తుంది. చిటికెడు కోబాల్ట్ క్లోరైడ్ వేస్తే త్వరగా అవుతుంది, కానీ అది విషపదార్థం. మీకు తొందరేం లేదు, లేకుండానే కానివ్వండి, కొన్ని నిమిషాలు ఎక్కువ ఆగాలి అంతే. అప్పటికప్పుడే కలుపుకోవాలి, నిన్నటి సీసా పనికిరాదు. మూతి సన్నటి సీసాలో ప్రోబ్ పెట్టి కదపకుండా పది నిమిషాలు ఆగితే 0.1 లోపుకు దిగాలి. 0.4 దగ్గర ఆగిపోయిందంటే లోపల గాలిబుడగ ఇరుక్కుంది, లేదా పొర చిరిగింది, లేదా ఎలక్ట్రోలైట్ ముసలిదైపోయింది. పొర ఉన్న టోపీలో ఎలక్ట్రోలైట్ నింపేటప్పుడు అంచుదాకా నింపి, కొంచెం పొర్లనిచ్చి, వేలితో తట్టి, మెల్లగా బిగించాలి. బుడగ మిగిలితే అందులోని ఆక్సిజన్‌ను ప్రోబ్ గంటల తరబడి తింటూ ఉంటుంది, మీకు సున్నా కనపడదు. పరీక్ష అయ్యాక బాగా కడిగేయండి.

సల్ఫైట్ కొనేటప్పుడు కళ్లు తెరిచి కొనండి. ఇక్కడికి దగ్గర్లోని ఒక ప్లాంటులో ఆపరేటరు కెమికల్ షాపుకు ఫోన్ చేసి పేరు చెప్పాడు, అవతలివాళ్లు సల్ఫైడ్ అని విన్నారు. పసుపుపచ్చ రేకులు వచ్చాయి. కుళ్లిన గుడ్డు వాసన వస్తున్నా ఈటీపీలో అది మామూలే కదా అనుకుని అందులో ప్రోబ్ ముంచాడు. సల్ఫైడ్ నుంచి వచ్చే హైడ్రోజన్ సల్ఫైడ్ వాయువు పొరలోంచి హాయిగా దూరిపోతుంది, వెండిని నల్లగా సిల్వర్ సల్ఫైడ్ చేసేస్తుంది. మా బల్ల మీదకు వచ్చేసరికి కేథోడ్ బొగ్గులా ఉంది, రీడింగు గాలిలో కూడా లేవట్లేదు. ఆ గాలి పీల్చిన ఆపరేటరుకు ఏమీ కానందుకు దేవుడికి దండం పెట్టాను. సోడియం సల్ఫైట్ తెల్లటి పొడి, ఆ వాసన ఉండదు. సల్ఫేట్ కూడా తెల్లదే, కానీ అది ఆక్సిజన్‌ను ముట్టదు, రోజంతా చూసినా సున్నా రాదు. డబ్బా మీద స్పెల్లింగ్ మీ కళ్లతో మీరే చదవండి.

ఆ కథలోనే ఇంకో పాఠం ఉంది. మీ ఈక్వలైజేషన్ ట్యాంకులో (మురుగును ముందు నిలవచేసి సమంగా పంపేది) నీళ్లు ఒకటి రెండు రోజులు నిలవుండి కుళ్లితే అక్కడ కూడా హైడ్రోజన్ సల్ఫైడ్ పుడుతుంది. ఎలక్ట్రోకెమికల్ ప్రోబుకు అదే నెమ్మదిగా పనిచేసే విషం. క్లోరిన్ దీనికి భిన్నం, అది కేథోడ్ మీద ఆక్సిజన్ లాగే ఎలక్ట్రాన్లు తీసుకుని రీడింగును ఎక్కువ చేసి చూపిస్తుంది. కాబట్టి క్లోరిన్ వేసిన చివరి ట్యాంకులో ఈ ప్రోబ్ పెట్టి మురిసిపోవద్దు.

రెండు పరీక్షల్లోనూ పాసైతే ప్రోబ్ మీద కోపం వదిలేయండి, అది నిజమే చెబుతోంది. గాలిలో తక్కువ చూపి, తుడిచినా లేవకపోతే పొర, ఎలక్ట్రోలైట్ మార్చండి, ఆ కిట్ ధర కొత్త ప్రోబ్ ధరలో చిన్న ముక్క. టోపీ విప్పినప్పుడు ఆనోడ్ మీద తెల్లటి పొడి పేరుకుని ఉంటే అది అరిగిన లోహం తాలూకు బూడిద, మెత్తగా కడిగితే పోతుంది. కేథోడ్‌ను తయారీదారు ఇచ్చిన సన్నటి ఇసుక కాగితంతో రెండుసార్లు రుద్దితే చాలు, మెరిసేదాకా తోమకండి. గాల్వానిక్ ప్రోబులో ఆనోడ్ స్విచ్ ఆపినా అరుగుతూనే ఉంటుందని గుర్తుంచుకోండి. స్టోరులో మూడేళ్లు దాచిన 'కొత్త' ప్రోబ్ కొనడం అంటే సగం అయిపోయిన అగరుబత్తి కొనడమే. డబ్బా మీద తయారీ తేదీ చూడండి.

బిగించే చోటు గురించి. ప్రోబ్ నిట్టనిలువుగా కిందకు చూస్తుంటే డిఫ్యూజర్ బుడగలు వచ్చి పొర కింద కూర్చుంటాయి. బుడగలో ఉన్నది మామూలు గాలి, కాబట్టి ఆ క్షణం ప్రోబ్ ఆరో ఏడో చూపిస్తుంది, తర్వాత మళ్లీ దిగుతుంది. గ్రాఫు రంపంలా కనిపిస్తే ఇదే. 45 డిగ్రీలు వాలుగా బిగిస్తే బుడగ జారిపోతుంది. లోతు అర మీటరుకు తగ్గకుండా, మురుగు వచ్చి పడే చోటుకు దూరంగా, డిఫ్యూజరుకు నేరుగా పైన కాకుండా పక్కకు. ఒక గొలుసు, పైకి లాగే హుక్కు పెట్టించండి. తీయడం కష్టమైతే ఎవ్వరూ తుడవరు, ఎన్ని రూల్స్ రాసినా.

బ్లోయర్ లైను నుంచి సన్నటి ట్యూబు లాగి, గంటకోసారి అర నిమిషం పొర మీద గాలి కొట్టే ఏర్పాటు చాలాచోట్ల చేశాను. జిడ్డుకు పూర్తి మందు కాదు కానీ తుడిచే పని సగం తగ్గుతుంది. గాలి కొడుతున్నప్పుడూ, ఆ తర్వాత రెండు మూడు నిమిషాలూ రీడింగును పాత అంకె దగ్గరే పట్టి ఉంచేలా మీ పీఎల్‌సీలో (బ్లోయర్‌ను నడిపే కంట్రోలర్) ప్రోగ్రాం చేయించండి. లేకపోతే ప్రతి గంటకూ డీఓ ఏడయింది అనుకుని బ్లోయర్ కునుకు తీస్తుంది.

ఇప్పుడు ఆప్టికల్ సంగతి. నేను దానికి వ్యతిరేకిని కాను, మా దగ్గరా అమ్ముతాం. దాని మూతి మీద నీలి కాంతి పడితే ఎర్రగా వెలిగే రంగు పూత ఉంటుంది, ఆక్సిజన్ ఉన్న కొద్దీ ఆ వెలుగు త్వరగా ఆరిపోతుంది, ఆరే టైమును బట్టి లెక్క కడుతుంది. తినదు కాబట్టి నీళ్లు కదలకపోయినా పర్లేదు, ఎలక్ట్రోలైట్ లేదు, హైడ్రోజన్ సల్ఫైడ్ దాన్ని ఏమీ చేయదు. గాలి ఆపి ఆపి నడిపే ఎస్‌బీఆర్ ప్లాంట్లలో, సున్నాకు దగ్గర్లో పనిచేసే అనాక్సిక్ ట్యాంకుల్లో నేనైతే ఆప్టికలే పెట్టమంటాను. కానీ మీ సమస్య జిడ్డయితే, ఆ జిడ్డు ఆప్టికల్ మూతి మీద కూడా అలాగే పడుతుంది, అందులోని బ్యాక్టీరియా అక్కడా ఆక్సిజన్ తినేస్తుంది, రీడింగు అలాగే తగ్గుతుంది. తలగడ మారిస్తే తలనొప్పి పోదు కదా. రంగు పూత ఉన్న టోపీని ఏడాదికో రెండేళ్లకో మార్చాలి, అది చవక కాదు, కొటేషన్‌లో ఆ ధర ఉందో లేదో చూడండి. మిర్చి ఓలియోరెసిన్ (మిర్చి సారం) తీసే ఫ్యాక్టరీల వాళ్లు ఎవరైనా ఇది చదువుతుంటే వాళ్లకో మాట: మీ నీళ్లలో సాల్వెంట్ జాడ ఉంటే టోపీ ఏ సాల్వెంట్లకు తట్టుకుంటుందో ముందు అడిగి కొనండి.

అంచనాగా చెప్పమంటే, మీ దగ్గర రెండూ ఉన్నాయి: పదకొండింటికి నిజంగా డీఓ పడుతోంది, ఆ పైన జిడ్డు ఇంకాస్త తక్కువ చేసి చూపిస్తోంది. నిజంగా పడేదానికి మందు ప్రోబులో లేదు. కడుగు నీళ్లు ఒక్కసారిగా ఏరేషన్ ట్యాంకులోకి రాకుండా ఈక్వలైజేషన్ పంపును రోజంతా సమంగా నడపండి, ఫ్యాట్ ట్రాప్‌లో (జిడ్డును పట్టే తొట్టి) జిడ్డు ఎప్పుడు తీశారో చూడండి, మొదటి కడుగు పాలను విడిగా పట్టుకోమని ప్రొడక్షన్ వాళ్లను అడగండి. అది వాళ్లకూ నష్టం లేని పని. మురుగునీటి ప్లాంటు కరెంటులో సగానికి పైగా గాలి కొట్టడానికే పోవడం మామూలు, కాబట్టి మేనేజరు గారికి బిల్లు తగ్గే దారి కూడా ఇదే.

ల్యాబ్‌లో వింక్లర్ టైట్రేషన్‌తో (రసాయనాలతో డీఓ కొలిచే పద్ధతి) సరిచూడాలా అని కింద కామెంట్లలో ఒకాయన అడిగారు. 1888 నాటి పద్ధతి, ఇప్పటికీ మంచిదే, కానీ బురద నీళ్లలో నేరుగా చేయకండి. సీసాలో కెమికల్ వేసేలోపే బ్యాక్టీరియా తినేస్తుంది, ఆ బురదే అయోడిన్‌తో కూడా ఆడుకుంటుంది. రాత్రంతా అక్వేరియం పంపుతో బుడగలు వదిలిన శుభ్రమైన నీళ్లు పొద్దున తీసుకుని, ఒకే బకెట్‌లో వింక్లర్, మీటరు రెండూ చూడండి. 200 మిల్లీలీటర్ల నమూనాకు 0.025 నార్మల్ థయోసల్ఫేట్ ఎన్ని మిల్లీలీటర్లు పడితే అన్ని పీపీఎం, లెక్క కూడా తేలిక.

హ్యాండ్ మీటరు ప్రోబ్‌ను మాత్రం పని అయ్యాక పొడిగా డ్రాయర్‌లో పడేయకండి. టోపీలో తడి స్పాంజి ముక్క పెట్టి మూయండి. పన్నెండింటికి తుడిచిన రోజు ముందు ఎంత, తర్వాత ఎంత, డ్రైవ్ ఎన్ని హెర్ట్జ్‌లో ఉంది, గాలిలో ఎంత, సల్ఫైట్‌లో ఎంత అని ఇక్కడే రాయండి, చూసి చెబుతాను.